రేకుల కొట్టం కాడ పాట ఆగొద్దు

ఆర్మూర్‌ నుంచి ఆలూర్ పోయే బాటల, రాళ్ల గుట్టలు దాటినంక ఎడమ దిక్కు ఒక రేకుల కొట్టం ఉంటది. ఎనుకట పసుపు నిలువ పెట్టేటోళ్లట. ఇప్పుడు ఏం లేదు — తలుపుకు తుప్పు పట్టిన తాళం, గోడ పొంటి తుమ్మ పొదలు, అంతే.

పగటి పూట దాన్ని ఎవ్వలు పట్టించుకోరు. మేకలు గూడ దాని నీడల పండుకుంటయి. పొద్దుగూకినంక మాత్రం దాని పేరు తియ్యరు. గా జాగ అంటరు.

గా జాగల పాట ఆగొద్దు.

రాత్రి ఆలూర్ బాటల బరాత్ పోయినా, ఒంటి మనిషి పోయినా సరే, కొట్టం కనబడకముందే పాట అందుకోవాలె. కొట్టం కనుమరుగైనంకనే ఆపాలె. నడుమ సందు దొరకొద్దు. దొరికితె... కొట్టం లోపలి నుంచి పిలుపు వస్తది. మనకు ఎరుకైన గొంతుతోటి వస్తది.

ఎనుకట ఒక బరాత్ల ఇట్లనే పాట ఆగిందట. "బిడ్డా..." అని తల్లి గొంతు వినబడ్డదట. బండ్ల కూసున్న పెండ్లిపిల్ల "ఆ" అన్నదట. తెల్లారి చూస్తె పిల్ల కొట్టం లోపల, పసుపు కుప్ప మీద కూసోని ఉన్నది. కండ్లు తెరిచే ఉన్నయి. మాట లేదు. మళ్ల ఎన్నడు రాలే.

రాత్రి పిలుపు గురించి పెద్దలు చెప్పే మాట ఒకటున్నది గద — దెయ్యమైతె రెండుసార్లే పిలుస్తది, మూడోసారి పిలిస్తె మనిషే. మూడు పిలుపులు అయ్యేదాంక పలకొద్దు. ఆ పిల్ల మొదటి పిలుపుకే పలికింది.

ఈ ముచ్చటను నమ్మనోళ్లు ఆర్మూర్ల ఉంటరు కావచ్చు. కమలవ్వ నమ్మింది. ఇరవై ఏండ్లు నమ్మింది.

ఎందుకంటె — ఆ బాటల పాట ఆగకుంట చూసుకున్నది ఆమె పెనిమిటే.

రాజమల్లు మైక్ సెట్ అంటె చుట్టు పది ఊళ్లకు ఎరుక. నల్ల రికార్డులు మూడు పెట్టెల నిండ ఉండేటియి. వాటిని తిప్పే ప్లేయర్లు రెండు. మిగిలిన మైక్ సెట్లోళ్ల కాడ ఒక్కటే ఉండె. ఒక్కటుంటె — పాట అయిపోవాలె, రికార్డు తియ్యాలె, ఇంకోటి పెట్టాలె, సూది దించాలె. అందాంక పెండ్లి పందిరంత మూగగ అయ్యేది. రాజమల్లు కాడ అట్ల గాదు. ఒకదాని మీద పాట ఆఖరుకు రాంగనే రెండోదాని మీద సూది దించేటోడు. పాటల పాట కలిసిపోయేది.

జనరేటర్ ఆగినా ఆయనకు ఫికర్ లేకుండె. యాంప్లిఫైర్ కారు బ్యాటరీ మీద నడిసేది. ప్లేయర్ తిరుగుడు బందైతె రికార్డును వేలు పెట్టి తిప్పేటోడు. పాట ముసలోడు పాడినట్టు సాగి సాగి వచ్చేది గాని — ఆగకపోయేది.

"సూది మీద ఉన్నంతసేపు పాట నా చేతుల ఉన్నట్టే కమలా" అనేటోడు.

కమలవ్వకు ఆ వేలు మీద నమ్మకం.

ఒక్క రాత్రి మాత్రం ఆ వేలు అక్కెరకు రాలే.

బిడ్డె సౌమ్యకు అప్పుడు ఏడేండ్లు. ఆలూర్ల కమలవ్వ తల్లి భూమవ్వకు పాణం మీదికి వచ్చింది. రాత్రి ఎనిమిదింటికి పక్క కిరాణా దుకాణానికి ఫోన్ వచ్చింది. చేసినోడు తమ్ముడు గంగాకిషన్. "అవ్వ నిన్నే యాది చేస్తున్నదక్కా. తెల్లారేదాంక ఉంటదో ఉండదో."

ఆలూర్ ఎంత దూరం. సైకిల్ తొక్కితె గంట గూడ పట్టదు. నడుమ గా కొట్టం.

"సెట్ బండ్ల పెట్టు. పాట పెట్టుకోని పోదాం" అన్నది కమలవ్వ.

రాజమల్లు తల అడ్డం ఊపిండు. "సావు మంచం కాడికి పాట పెట్టుకోని పోతరా? ఊరోళ్లు మొకాన ఉమ్ముతరు."

పాట లేకుంట పోరాదు. పాట పెట్టుకోని పోరాదు. రాత్రంత గడప మీద కూసున్నది. రాజమల్లు పక్కన్నే కూసున్నడు. బీడీ మీద బీడీ తాగిండు. ఒక్క మాట మాట్లాడలే. పొద్దు పొడవంగ ఉరికి పోయింది — తల్లి చేతులు అప్పటికే సల్లగైనయి.

ఆ కొట్టం తన తల్లి ఆఖరి మాటను మింగింది అనుకున్నది కమలవ్వ. సరే, మింగింది. బిడ్డె జోలికి మాత్రం రానియ్యొద్దు.

పదమూడేండ్లు అయినంక ఆ బిడ్డెకే పెండ్లి కుదిరింది. రెండువేల ఏడు, మార్చి నెల. పిలగాడు శ్రవణ్‌కుమార్. మంచోడు, నౌకరి ఉన్నోడు — గాని ఆలూరోడు. బరాత్ ఆ బాటనే పోవాలె.

రాజమల్లు అప్పటికి లేడు. పోయి రెండేండ్లైంది. సెట్ గంగాకిషన్ చేతులకు వచ్చింది.

వచ్చిన ఏడాదికే గంగాకిషన్ హైదరాబాద్ పోయి కంప్యూటర్ తెచ్చిండు. టీవీ అసొంటి తెర, దాని పక్కన ఒక డబ్బ, డబ్బ ఎనుక చేటెడు వైర్లు. దుకాణం మీద బోర్డు మార్పించిండు. మైక్ సెట్ పోయి డీజే వచ్చింది.

కమలవ్వ పోయి చూసింది. తెర మీద రెండు గుండ్రటి రికార్డులు తిరుగుతున్నయి. అచ్చం పెనిమిటి ప్లేయర్ల లెక్కనే, పక్కపక్కన.

"సూదేదిరా?"

"సూది లేదక్కా."

"మరి పాట ఏడికెళ్లి వస్తది?"

"లోపలికెళ్లి."

"లోపల ఎవలున్నరు?"

గంగాకిషన్ పండ్లికిలించిండు. "బావ ఉన్నడు. వేలు పెట్టి తిప్పుతున్నడు."

కమలవ్వ నవ్వలే.

దాన్ని ఓ కంట కనిపెట్టుకుంటనే ఉన్నది. వేల్పూర్ల ఒక పెండ్లిల తాళి కట్టే యాళ్లకు అది బిగుసుకపోయింది. పాటల ఒకటే ముక్క, నత్తోని నోట్ల మాట లెక్క — డ డ డ డ... అంకాపూర్ల ఇంకోసారి తెర మొత్తం నల్లగైంది. మళ్ల లేపనీకి ఐదు నిమిషాలు పట్టింది. పెండ్లోళ్లు చప్పట్లు కొట్టి ఎక్కిరించిండ్రట.

"ఏమైందిరా దానికి?"

"వైరస్ అక్కా."

"జరమా?"

"గసొంటిదే. మందేసిన. తక్కువైంది."

"రికార్డు మీద గీత పడితె టక్కుమంటది, జర ఎగిరి ముందుకు పోతది. ఇది నిలవడి మొకం చూస్తదేందిరా?"

"దీంట్ల వెయ్యి పాటలున్నయక్కా. పెట్టెలు మోసుడు లేదు, దుమ్ము తుడుసుడు లేదు. ఏది అడిగితె అది పెడ్త. బావ కాలం గాదిది."

"వెయ్యి నాకెందుకురా. కొట్టం దాటనీకి రెండు పాటలు సాలు. ఆగకుంట."

పెండ్లి పది రోజులు ఉన్నదనంగ తమ్మున్ని ముంగట కూసోబెట్టింది. చాయ్ పోసింది. వాడు తాగేదాంక ఆగింది.

"నీ కంప్యూటర్ నీ ఇష్టం. నేను ఒక్కటే అడుగుత. మీ బావ ప్లేయర్లు రెండు, కొన్ని రికార్డులు ఒక పెట్టెల పెట్టు, బ్యాటరీ గూడ — ట్రాలీల ఉండాలె. కొట్టం కాడ నీ డబ్బ ఆగితె సూది దించాలె. సౌమ్యకు మేనమామవు నువ్వు."

గంగాకిషన్ చాయ్ గిలాస దిక్కు చూసిండు.

లేచి అక్క నెత్తి మీద చెయ్యి పెట్టిండు. "నీ మీద ఒట్టు. పెట్టె నా కాళ్ల కాడనే ఉంటది."

పెండ్లి అయింది. మాపటికి అప్పగింతలైనయి. తల్లి గడప కాడ నిలవడి కండ్లు తుడుసుకోవాలె, అది రివాజు. కమలవ్వ నిలవడలే. కొంగు నడుముల చెక్కి పోయి ట్రాలీ ఎక్కి కూసున్నది.

పిలగాని మేనత్త నాగవ్వ ముక్కు మీద వేలేసుకున్నది. "ఏందొదినా, బిడ్డెతోని నువ్వు గూడ కాపురానికి వస్తున్నవా?"

"కొట్టం దాటేదాంక వస్త. దాటినంక దిగుత."

నాగవ్వ వేలు దించింది. ఆమె గూడ ఆలూరామెనే.

ముంగట ట్రాక్టర్. ట్రాలీల ఎత్తెత్తు సౌండ్ డబ్బాలు, జనరేటర్, తాడుతోటి కట్టేసిన కంప్యూటర్. దాని ఎనుక పూల కారు, కారుల సౌమ్య, శ్రవణ్‌కుమార్. ఆఖరుకు ఆడోళ్ల జీపు. ఆడేటోళ్లు ఊరి చివర దాంక ఆడి, చెమటలు కార్చుకుంట జీపెనుక వేలాడిండ్రు.

ఎక్కంగనే కమలవ్వ చూసింది పెట్టెనే. గంగాకిషన్ కాళ్ల కాడ, దుప్పటి కప్పి ఉన్నది. రెండు చేతులు పెట్టి కొంచెం ఎత్తి చూసింది. బరువుగున్నది. పాణం నిమ్మలమైంది.

ఊరు దాటిండ్రు. కళ్లాలల్ల పసుపు ఉడుకుతున్న వాసన గాలి మీద వచ్చింది. గుట్టలు ఎనుకబడ్డయి. సౌండ్ డబ్బాల దెబ్బ ఆమె గుండెను గుడ్డ దులిపినట్టు దులుపుతున్నది. ఇంకోనాడైతె చెవులు మూసుకునేది. ఇయ్యాల ఎంత లొల్లి అయితె అంత మంచిగున్నది.

కొట్టం కనబడ్డది. చీకట్ల ఇంకో చీకటి నిలవడ్డట్టు.

పాట నడుస్తున్నది.

వంద గజాలు... యాభై... కొట్టం రేకులు డబ్బాల సప్పుడుకు జల్లుమంటున్నయి —

ట్రాలీ చక్రం గుంతల పడ్డది.

తెర ఎగిరి పడ్డది. పాట నిలవడ్డది. డ డ డ డ... ఒకటే ముక్క. గంగాకిషన్ ఏదో నొక్కిండు. ఇంకోటి నొక్కిండు. తెర మీద రెండు రికార్డులు కదలకుంట అట్లనే నిలవడి ఉన్నయి. మీట బందు చేసి మళ్ల పెట్టబోయిండు. అదే యాళ్లకు జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆరిపోయింది.

తెర నల్లగైంది.

పాట ఆగితె బండి ఆపుడు ట్రాక్టర్ ఆయనకు అలవాటు. ఆపిండు. ఎందుకాగిండ్రో ఎరుక లేక కారు, జీపు గూడ ఆగినయి.

సప్పుడు లేదు. ఇరవై ఏండ్ల నుంచి ఆ జాగల ఆమె ఎన్నడు వినని... సప్పుడు లేనితనం.

యాంప్లిఫైర్ మీద ఎర్ర దీపం మాత్రం బ్యాటరీ బలం మీద ఎలుగుతున్నది. సూది ఉంటె సాలు. వేలు ఉంటె సాలు.

"పెట్టె తియ్యి" అన్నది కమలవ్వ, మెల్లగ.

గంగాకిషన్ జనరేటర్ దిక్కు తిరిగిండు. "జనరేటర్ చాలు చేస్త అక్కా. రెండు నిమిషాలు..."

"పెట్టె తియ్యిరా."

వాడు మూత మీద చెయ్యి పెట్టి ఒత్తి పట్టుకున్నడు. ఆమె ఆ చెయ్యి తీసేసింది. దుప్పటి గుంజింది. మూత లేపింది.

లోపల ఇటుకలు.

నాలుగు ఇటుకలు. కదలకుంట చుట్టు గోనె సంచులు కుక్కి ఉన్నయి.

ముందు ఆమెకు సమజ్ గాలే. చెయ్యి పెట్టి తడిమింది. ఇటుకలే. అప్పుడు సమజైంది — అక్క ఎత్తి చూస్తదని వీనికి ఎరుక. బరువు చూసి నమ్ముతదని ఎరుక. కూసోని, లెక్కగ, ఎన్ని పెడ్తె ఆ బరువు వస్తదో చూసి పెట్టిండు.

"ఏవిరా?"

"అమ్మిన" అన్నడు గుసగుసగ. "పోయిన నెల. హైదరాబాద్ ఆయన కొనుకపోయిండు, ఇంట్ల షోకుకు పెట్టుకుంటడట."

పోయిన నెల. ఒట్టు పెట్టింది పది రోజుల కింద.

ఆమె మూత ఇడిసింది. ట్రాలీ మీదికెళ్లి దుంకింది. మోకాలు కొట్టుకపోయింది. ఉరికి కారు తలుపు తీసి, సౌమ్య చెవులు రెండు తన రెండు చేతులతోటి మూసింది.

"ఏందమ్మా..."

"పలుకకు" అని పెదవులతోటే చెప్పింది. "ఎవలు పిలిచినా పలుకకు."

ఉన్నయి రెండు చేతులే. బిడ్డె చెవులు మూసినయి. ఆమె చెవులు తెరిచే ఉన్నయి.

తుమ్మ పొదలల్ల గాలి లేదు. జీపుల ఎవలో చిన్నపిల్ల ఏడ్వబోయి ఊకున్నది.

అప్పుడు వినబడ్డది.

"కమలా..."

కొట్టం లోపలికెళ్లి. రేకుల ఎనుకకెళ్లి.

బిడ్డె పేరు గాదు. ఆమె పేరు.

ముసలి గొంతు. ఆయాసపడుకుంట, నడుమల ఊపిరి తెంపుకుంట... ఆ గొంతు విని పదమూడేండ్లయింది. పదమూడేండ్లు గాదు, ముప్పై ఏండ్లైనా ఆ గొంతును పోల్చనీకి కష్టం లేదు.

కమలవ్వ పండ్లు బిగవట్టింది. లోపలికెళ్లి "ఆ" అనే మాట గొంతు దాంక వచ్చింది. నాలిక కొరుక్కున్నది. నోరంత ఉప్పగైంది.

"కమలా..."

రెండు.

మూడోది వస్తె మనిషి. రాకుంటె... ఆమె ఊపిరి బిగవట్టి ఎదురుచూసింది. వస్తదేమో అని బుగులు. రాదేమో అని అంతకన్న బుగులు. ఏది కావాల్నో ఆమెకే ఎరుక లేదు —

జనరేటర్ గుర్రుమన్నది. ట్రాలీ మీద తెర ఎలిగింది. ఎంతసేపైందో ఏమో, భళ్లుమని పాట వచ్చి పడ్డది. జీపుల ఉన్నోళ్లు ఈలలేసిండ్రు. ట్రాక్టర్ కదిలింది.

మూడో పిలుపు వచ్చిందో రాలేదో, ఆ లొల్లిల ఎవలకు ఎరుక.

కొట్టం కనుమరుగైనంక కారు ఆపిచ్చి ఆమె దిగింది. సౌమ్య రెండు చెవులు రుద్దుకుంట అన్నది, "ఎంత గట్టిగ పట్టినవమ్మా. కమ్మలు గుచ్చుకుపోయినయి."

బిడ్డె మాట పోలే, బిడ్డె కాడనే ఉన్నది. కమలవ్వ దాని చెంప తడిమి, బాట పక్క కళ్లంల తెల్లారేదాంక కూసోని, ఎలుగుల కొట్టం దాటి ఇల్లు చేరింది.

తెల్లారి పొద్దెక్కినంక గంగాకిషన్ వచ్చిండు. గడప బయటనే నిలవడ్డడు.

"లోపలికి రా. ఇంకా ఏమన్న అమ్మేటియి ఉన్నయేమో చూసుకో" అన్నది కమలవ్వ.

వాడు వచ్చి గోడకు ఒరిగి కింద కూసున్నడు.

"అక్కా, నీకు దండం పెడ్త. నువ్వు బుగులు పడకు. గాడ ఏం లేదు. ఏం లేదని ఎరుక గనుకనే అమ్మిన."

"లేదని నీకెట్ల ఎరుక?"

"ఎట్లంటె... గాడ పిలిచింది నేనే గనుక."

కమలవ్వ చేతుల చాటల బియ్యం ఉన్నయి. చాట కదలలే.

"బావ రెండో ప్లేయర్ కొన్నడు సూడు, అప్పుడు. దాన్ని ఎవ్వలు లెక్కచెయ్యలే. పాట నడుమ జర సందు ఉంటె ఏమైతదయ్యా అనేటోళ్లు. ఒక్క ప్లేయరోళ్లనే తోలుకపోయేటోళ్లు. సందు ఉంటె ఏమైతదో చూపిస్త అన్నడు బావ. నాకు పదహారేండ్లు. మాపటికి నన్ను తోలుకపోయి కొట్టంల కూసోబెట్టేటోడు. వేరేటోళ్ల బరాత్ వచ్చి, రికార్డు మార్చే యాళ్లకు... నేను ఆడోళ్ల గొంతు తీసి 'బిడ్డా' అనేటోన్ని. బిడ్డా అంటె ఏ పెండ్లిపిల్లకైనా తాకుతది గద. రెండుసార్లే. మూడుసార్లు పిలిస్తె మనిషని దొరికిపోతవురా అనేటోడు బావ."

"పసుపు కుప్ప మీద పిల్ల?"

"ఏ పిల్ల లేదక్కా. బావ అల్లిండు. గా ఏడాది నుంచి ఆలూర్ బాట బరాత్‌లు అన్ని మనయే అయినయి."

కమలవ్వ చాట కింద పెట్టింది.

గడప దిక్కు చూసింది. ఆ గడప మీదనే. ఇటు ఆమె, అటు ఆయన. బీడీ మీద బీడీ. సావు మంచం కాడికి పాట పెట్టుకోని పోతరా అన్నడు. నిజమే చెప్పిండు. ఆ నిజం ఎనుక అబద్ధాన్ని దాచుకోని, తెల్లారేదాంక పక్కన కూసున్నడు. "ఉత్తదే కమలా, నేనే పుట్టించిన, లేవు పోదాం" — ఇంతే గద. ఇన్ని మాటలే గద. ఇరవై ఏండ్ల కాపురంల ఇన్ని మాటలు దొరకలేదా ఆయనకు.

"నువ్వే గదరా ఫోన్ చేసినవు" అన్నది. గొంతు లేవలే. "నువ్వన్న చెప్పొద్దా?"

"నోటి దాంక వచ్చిందక్కా. బావకు మాట ఇచ్చి ఉంటి. బయటపడితె సెట్ మూతపడ్తది, మీ అక్క అన్నం పోతది అన్నడు."

"నా అన్నం."

"అవ్వ రాత్రంత నిన్నే పిలిచింది" అన్నడు వాడు. చెప్పకుంట ఉంటె బాగుండు. చెప్పిండు. "కోడి కూసే యాళ్లకు రెండుసార్లు పిలిచింది — కమలా, కమలా అని. మూడోసారి నోరు తెరిచింది. మాట రాలే. గట్లనే పోయింది."

బయట ఎవలో సైకిల్ గంట కొట్టుకుంట పోయిండ్రు.

"నిన్న?" అన్నది కమలవ్వ.

గంగాకిషన్ నేల చూసిండు.

"నిన్న నువ్వు ట్రాలీ మీద ఉంటివి. జనరేటర్ తాడు గుంజుకుంట. నాకు కనబడ్తనే ఉంటివి."

"ఉంటి."

"నీకు వినబడ్డదా?"

నలభై ఏండ్లకు దగ్గర పడ్డ మనిషి, మోకాళ్ల నడుమ తల పెట్టుకున్నడు. అట్లనే రెండు వేళ్లు చూపించిండు — వినబడ్డదని. రెండుసార్లు.

ఆమె మాపటిదాంక పని చేసుకున్నది. వంట చేసింది. వాకిలి ఊడ్చింది. ఊడుస్తుంటె ఒక సంగతి మనసుల పడ్డది, పడి కదలలే — అవ్వ పోయినంక ఆ బాటల ఎన్ని రాత్రులు పోయింది తను. చుట్టాల పెండ్లిళ్లకు, బోనాలకు, ట్రాలీల పెనిమిటి పక్కన కూసోని. ప్రతిసారి పాట. ఒక్క గడియ సందు లేకుంట, సూది మీద సూది. అన్ని రాత్రులు అటుపక్క రేకుల ఎనుక ఎవలు ఏమని పిలిచిండ్రో... ఆ పాటలల్ల ఎట్ల వినబడ్తది.

చీపురు మూలకు పెట్టింది. చెప్పులు తొడుక్కున్నది.

గంగాకిషన్ ఇంకా అక్కడనే ఉన్నడు. "నేను గూడ వస్తనక్కా."

"వద్దు" అన్నది. "నువ్వస్తె ఏదన్న మోగిస్తవు."

ఆలూర్ ఆటో దొరికింది. ఆమె ఒక్కతే. ఆటోల టేప్ మోగుతున్నది. గుట్టలు దాటినంక ఆమె ముంగటికి వంగి, "పాట బంద్ చెయ్యి బిడ్డా" అన్నది. ఆటో ఆయన అద్దంల నుంచి ఆమెను చూసిండు. బంద్ చేసిండు.

"ఈడనే ఆపు."

"ఈడనా? గా జాగ ఎరుక లేదా నీకు?"

"ఎరుకే."

ఆమె దిగంగనే ఆటో ఒక్క గడియ గూడ నిలవకుంట పోయింది. పోయినంక దూరంకెళ్లి మళ్ల పాట వినబడ్డది. అది గూడ సన్నగై, సన్నగై... పోయింది.

పొద్దు గూకింది. తుమ్మ పొదలు పక్కకు జరుపుకుంట పోయి తలుపు ముంగట నిలవడ్డది. తాళం మీద చెయ్యి పెట్టి చూసింది. తుప్పు రాలి అరచేతికి అంటింది. ఎన్ని ఏండ్ల నుంచో దాన్ని ఎవ్వలు తియ్యలే.

నిలవడ్డది. చీకటి పడ్డది. కాళ్లు గుంజుతున్నయి. ఏం లేదు. తమ్ముడు చెప్పిందే నిజమేమో. ఇద్దరు మొగోళ్లు కలిసి అల్లిన ఒక అబద్ధం ముంగట, ముసల్దాని లెక్క తను నిలవడి ఉన్నదేమో. నవ్వు వచ్చినట్టైంది. ఏడుపు వచ్చినట్టైంది. ఎనుకకు తిరిగింది —

"కమలా..."

మూడోది.

ఈసారి ఆమె నాలిక కొరుక్కోలే.

"ఆ... అవ్వా" అన్నది. "వచ్చిన."

తాళం బయట ఏసినట్టే ఉన్నది. లోపల గొళ్లెం తీసిన సప్పుడైంది.